ఒక పూట ద్వీపయాత్ర: స్పినాలోంగా

క్రీటు ద్వీపమునకు పోయివచ్చిన యాత్రికులను అక్కడ ఏమి చూచితిరని అడిగినచో, సాధారణముగా క్నోసోసు రాజసౌధమును గురించి చెప్పుదురు. అది క్రీస్తుకు పూర్వపు కథ. మేమిచట చెప్పదలచినది అంత ప్రాచీనమైనది కాదు. అది 1957లో ముగిసినది. మన యిండ్లలోని వృద్ధులకు ఆ సంవత్సరము జ్ఞాపకముండియే యుండును. దానిని చూచి వచ్చుటకు ఒక పూట చాలును. ఉదయము ఫలాహారము ముగించుకొని లాంచి యెక్కినవారు సాయంకాలపు కాఫీవేళకు తీరికగా బసకు చేరుకొందురు.

ఆ చోటు పేరు స్పినాలోంగా. గ్రీసు దేశమునకు చెందిన క్రీటు ద్వీపపు ఈశాన్య తీరమున, ఎలూండా అను ఊరికి దగ్గరగా, సముద్రములో తేలిన రాతితిప్ప అది. దాని విస్తీర్ణము ఎనిమిదిన్నర హెక్టార్లు, అనగా ఇంచుమించు 21 ఎకరములు. మన వైపు ఒక మోతుబరి రైతు పొలమంత యని చెప్పవచ్చును. నేడు అందెవ్వరును నివసింపరు. రాత్రి బసకు అనుమతి లేదు. అక్కడకు లాంచీలు మూడు రేవులనుండి పోవును. ఎదుటనే యున్న ప్లాకా అను పల్లెనుండి 10 నిమిషములు, ఎలూండానుండి 20 నిమిషములు, ఆయియోస్ నికోలాస్ పట్టణమునుండి సుమారొక గంట పట్టును. సముద్రముపై కొంతసేపు గడపవలెనను కోరికతో మేము మూడవదానిని ఎన్నుకొంటిమి. అది సరియైన ఎన్నిక యగునో కాదో తుదిలో చెప్పెదము.

వేసవి దినములు, అనగా ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు, ఈ ప్రయాణమునకు అనువైనవి. జులై, ఆగస్టు మాసములలో ఉత్తరపు గాలి విసరుగా వీచును. కడుపులో త్రిప్పు స్వభావము గలవారు గాలి తగ్గిన దినము చూచుకొనుట మేలు. ద్వీపమున చెట్టు నీడ అరుదు. టోపీ, నీళ్లసీసా, జారని బూట్లు తప్పనిసరి. మరియొక మాట. లాంచి టిక్కెట్టు వేరు, ద్వీపముపై కోటలోనికి పోవుటకు ప్రభుత్వము వారి టిక్కెట్టు వేరు. ఇది తెలియక రేవుమెట్లపై నిలిచి చిల్లర వెదకుకొనువారు ప్రతి లాంచిలోను కొందరుందురు. మేమును ఆ కొందరిలోని వారమే.

లాంచి బయలుదేరిన కొలది సేపటికి ఒక చిన్న దీవి వచ్చును. క్రీకీ యను క్రీటు అడవిమేకలను అందు పెంచుచున్నారు. అందరును లేచి కెమెరాలు చేతబట్టిరి. మేకలు మాత్రము దర్శనమీయలేదు. ఆ తరువాత కుడిచేతి వైపున నీటి విశాలము, ఎడమచేతి వైపున పచ్చదనము లేని కొండలు. ఎలూండా వద్ద ఓలూస్ అను ప్రాచీన నగరము నేల క్రుంగి నీటమునిగినదనియు, నీరు తేటగా నున్నపుడు గోడల ఆనవాళ్లు కనబడుననియు లాంచిలోని మార్గదర్శి మైకులో చెప్పెను. అంతలో కొన దాటగానే ఎదుట కోట. నీటి అంచునుండియే లేచిన గోడలు, గుండ్రని బురుజు, పైన కొండ కొమ్ము. దూరమునుండి చూచిన వారికి అది యుద్ధమునకు కట్టిన కోటయనియే తోచును. కట్టినది అందులకే.

వెనిస్ నగరపు వర్తక ప్రభువులు క్రీటును ఏలుచుండిన దినములలో 1579లో దీనికి శంకుస్థాపన జరిగినది. ఎలూండా రేవును, అచటి ఉప్పుమళ్లను కాపాడుట దీని పని. 1669లో క్రీటు రాజధాని ఒట్టోమన్ తురుష్కుల వశమైన తరువాతకూడ ఈ చిన్న కోట వెనిస్ వారి చేతిలోనే నిలిచి, 1715లో గాని లొంగలేదు. పిమ్మట తురుష్క కుటుంబములు గోడల లోపల ఇండ్లు కట్టుకొని ఒక గ్రామముగా స్థిరపడినవి. పందొమ్మిదవ శతాబ్ది చివర క్రీటు స్వయంపాలన పొందినపుడు వారు క్రమముగా తరలిపోయిరి. కట్టిన ఇండ్లు, వాననీటిని నిలువజేయు తొట్లు, చుట్టును గోడ, ఇవన్నియు ఖాళీగా మిగిలినవి. 1903లో క్రీటు ప్రభుత్వము ఈ చోటును కుష్ఠరోగులకై కేటాయించెను. మరుసటి సంవత్సరము మొదటి రోగులను ఇచటికి చేర్చిరి.

మన పల్లెలలో దీనిని పెద్దరోగమని చాటుగా చెప్పుకొందురు. పేరు పలుకుటకే భయపడు రోగమిది ఒక్క మన దేశమున మాత్రమే కాదు. ఇందొక విచిత్రమున్నది. 1873లో నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. ఇది పాపఫలము కాదు, వంశదోషము కాదు, అన్ని అంటువ్యాధులవలె ఒక క్రిమివలన కలుగునది యని తేలినది. రోగికి దీనివలన ఊరట కలుగవలసి యుండగా, జరిగినది వేరు. అంటువ్యాధి యని తెలియగానే వేరుచేసి ఉంచుటయే మార్గమను వాదము బలపడినది. 1897లో బెర్లినులో జరిగిన అంతర్జాతీయ సమావేశము దానిని సమర్థించినది. మరుసటి సంవత్సరమే మన దేశమునను కుష్ఠరోగుల చట్టము వచ్చినది. అది రద్దగుటకు 2016 వరకు పట్టినది. నిజమునకు మనుష్యులలో నూటికి తొంబదియైదుగురికి పైగా ఈ క్రిమిని సహజముగనే ఎదుర్కొనగలరు. అది ఆనాటి వారికి తెలియదు.

లాంచి దిగి టిక్కెట్టు కొని లోపలికి పోవుటకు వంపు తిరిగిన ఒక సొరంగమార్గమున నడువవలెను. ఒక అడుగులో ఎండ మాయమగును. కొన్ని అడుగులు పోవువరకు ఆవలి వెలుగు కనబడదు. దీనికి డాంటే ద్వారమని పేరు. డాంటే నరకలోకయాత్రను వర్ణించిన ఇటలీ మహాకవి. మార్గదర్శులు ఇచట గొంతు తగ్గించి, వినువారి ఒళ్లు గగుర్పొడుచునట్లు చెప్పుదురు. మాకా పద్ధతి నచ్చలేదు. చీకటి దాటిన తరువాత వచ్చునది నరకము కాదు, వీధి. ద్వీపమంతటిలో చూడదగినది అదియే.

ఇరుప్రక్కల రాతియిండ్లు, చెక్క తలుపులు, అంగడి గదులు. కొన్నిటిని బాగుచేసి అందు వస్తుప్రదర్శన ఏర్పరచినారు. ఇచట మంగలి యుండెను, కాఫీ యంగళ్లుండెను, చిన్న ఆసుపత్రియు దేవాలయమును ఉండెను. ప్రభుత్వము నెలకింత యని స్వల్పభృతి నిచ్చుచుండెను. ఎదుటి తీరపు రైతులు కూరగాయలు తెచ్చి ద్వారము చెంత సంత పెట్టెడివారు. ద్వీపమునుండి బయటికి పోవు ఉత్తరములను, వస్తువులను శుద్ధిచేసి పంపు గది నేటికిని కలదు. అచట నిలిచి ఒక్క సంగతి తలచుకొనుడు: కన్నతల్లికి వ్రాసిన ఉత్తరమైనను ఆ గది దాటిన పిదపనే పోవలెను.

మొదటి మూడు దశాబ్దములలో వైద్యము స్వల్పము, క్రమము అంతకంటె స్వల్పము. 1936లో ఎపమినోండాస్ రెమూండాకిస్ అను యువకుడు ఇచటికి వచ్చెను. న్యాయశాస్త్రము చదువుచుండగా రోగము బయటపడి చదువు నిలిచిపోయినది. అతడు వచ్చిన స్వల్పకాలముననే రోగులను కూడగట్టి, రోగులను కాపాడు పుణ్యపురుషుడని గ్రీకు క్రైస్తవులు కొలుచు పాంటెలేమోన్ పేర ఒక సోదర సంఘమును స్థాపించెను. దయతలచి పెట్టుడని వేడుకొనుట వారి పద్ధతి కాదు. వైద్యుడు కావలెను, శుభ్రత కావలెను, మనుష్యులవలె బ్రతుకు హక్కు కావలెనని అడిగిరి. ఇండ్లకు సున్నము వేసిరి, వీధులు ఊడ్చుకొనిరి, నాటకములాడిరి. మెట్రిక్కు, డిగ్రీలు గలవారు సాధింపలేని ఐకమత్యమును వ్రేళ్లు కొంకర్లు పోయిన చేతులతో వారు సాధించిరి. రెమూండాకిస్ తరువాత చూపు కోల్పోయెను. తన జీవితకథను ఇతరులచే వ్రాయించి విడిచెను.

ఆకాశవాణి పనిలో నుండువారము గనుక మాకొక వివరము విశేషముగా మనసున నిలిచినది. ఆ సంఘమువారు వీధులలో శబ్దవర్ధకములను అమర్చి శాస్త్రీయ సంగీతమును వినిపించెడివారట. గోడ దాటి మనిషి పోరాదు, ఉత్తరము ఊరక పోరాదు. సంగీతమునకు మాత్రము శుద్ధిగదితో పనిలేదు. రేడియో యింటనుండు వారికి ఇంతకుమించి వివరింప నక్కరలేదు.

ఇచట వివాహములు కూడ జరిగినవి. చట్టము ఒప్పుకొనదు, జనము చేసికొనిరి. బిడ్డలు కలిగిరి. ఆరోగ్యముగా నున్న బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి ద్వీపము వెలుపల పెంచుటకు పంపిరి. ఈ సంగతి చెప్పిన పిమ్మట మా మార్గదర్శి మరేమియు జోడింపక ముందుకు నడచెను. ఆయన చెప్పినవానిలో మాకు నచ్చిన భాగమదియే.

వీధి చివరనుండి కోటగోడ వెంట ద్వీపము చుట్టును త్రోవ కలదు. నడచినచో గంటలో పూర్తియగును. తీరము వైపు తిరుగగానే మేము నిలిచిపోతిమి. ప్లాకా పల్లె అంత దగ్గర. నడుమ నీరు ఒక కిలోమీటరు కూడ ఉండదు. రాజమహేంద్రవరపు రేవున నిలిచి ఆవలి కొవ్వూరును చూచెదము గదా, ఆ దూరములో సగమైనను లేదు. ఇండ్ల కిటికీలు లెక్కింపవచ్చును. తాళ్లపై ఆరవేసిన బట్టలు కనబడినవి. ఎవరో మోటారు సైకిలు నడపుచుండగా దాని చప్పుడు స్పష్టముగా వినవచ్చెను. మేము చదివి వచ్చిన పుస్తకములలో ఈ ద్వీపము లోకమునకు దూరముగా నున్నదని వ్రాసిరి. దూరముగా నున్నచో కొంత మేలై యుండెడిది. ఇచటి వారు ప్రతి సాయంకాలము ఎదుటి యిండ్లలో దీపములు వెలుగుటను చూచుచు కూర్చుండవలసి వచ్చినది. ఆవలి వారును ఈ దీపములను చూచుచునే అన్నము తినిరి. లాంచిలో పోవుచు ప్రయాణమును నిమిషములలో లెక్కించుకొన్న మాకు, ఆ పది నిమిషములు అప్పుడు గాని అర్థము కాలేదు.

గోడలను తెరచినది ఔషధము. అంతకు పూర్వము చౌల్‌మూగ్రా గింజల నూనెయే దిక్కు. మన నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915 ప్రాంతమున నెలకొల్పిన ఆసుపత్రియందును ఆ దినములలో ఇదే జాతి నూనెను సూదిమందుగా నిచ్చిరి. 1941లో అమెరికాలో సల్ఫోను జాతి మందులు ఈ వ్యాధిని లొంగదీయునని తేలినది. తరువాత డాప్సోను బిళ్లలు వ్యాపించినవి. స్పినాలోంగా వాసులు ఒకరొకరుగా నయమై ఇండ్లకు తిరిగిరి. 1957లో మిగిలినవారిని ఏథెన్సు నగరపు ఆసుపత్రికి మార్చి ద్వీపమును మూసివేసిరి. ఒక పూజారి మాత్రము 1962 వరకు అచటనే యుండెను. మృతులకు వారి మతాచారము ననుసరించి నిర్ణీత సంవత్సరముల వరకు ప్రార్థనలు జరుపవలసి యుండుటయే కారణము. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన ననుసరించి పలు మందులను కలిపి ఆరు నెలలో, సంవత్సరమో ఇచ్చినచో వ్యాధి నయమగును. మందు మొదలిడిన కొలది కాలముననే ఇతరులకు అంటు భయము తొలగును. రోగిని ఇంటినుండి కదల్పనక్కర లేదు. స్పర్శ తెలియని మచ్చ ఒంటిపై కనబడినచో దాచుకొనక వైద్యునికి చూపుకొనుట ఒక్కటే చేయవలసినది.

2005లో విక్టోరియా హిస్లోప్ అను ఆంగ్ల రచయిత్రి ఈ ద్వీపమును గురించి వ్రాసిన నవలయు, 2010లో దానిని గ్రీకు టెలివిజనులో చూపుటయు యాత్రికుల సంఖ్యను మిక్కిలి పెంచినవి. మాతో వచ్చినవారిలో పలువురు నవలలోని పాత్రల యిండ్లేవి యని అడుగుచుండిరి. రెమూండాకిస్ పేరు అడిగినవారిని మేము చూడలేదు.

శ్మశానము త్రోవ చివర నున్నది. సిమెంటు పలకల క్రింద వరుసగా సమాధులు. మేమచట పూర్తిగా నిలువకమునుపే లాంచి కూత వినవచ్చెను. లాంచివారు ద్వీపమున ఇచ్చునది ఒక గంట, లేదా గంటంబావు. చూడవలసినదానికి అది చాలదు. కూత వినగానే జనమంతయు తొందరగా దిగసాగిరి. వృద్ధ దంపతులొకరు మెట్లపై పరుగువంటి నడకతో వచ్చుచు, మమ్ములను విడిచిపోదురేమో యని చేతులూపిరి. మేమును పరుగెత్తితిమి. తిరుగు టిక్కెట్టు జేబులోనే యున్నది, ఐనను పరుగెత్తితిమి.

తిరుగు దారిలో కొలొకీతా అను రేవున లాంచి నాపి, ఈతకు అరగంట విడిచి, కాల్చిన మాంసము, రొట్టె, కూరముక్కలు పెట్టిరి. శాకాహారులు ముందుగా చెప్పుకొనవలెను. నీరు అతి నిర్మలము. పిల్లలు కేరింతలు కొట్టిరి. మూడు గంటలకు బసకు చేరితిమి.

ఇక ఎన్నిక మాట. మరల పోవు అవకాశము కలిగినచో మేము ప్లాకానుండియే పోదుము. అచటి పడవలు చిన్నవి, మార్గదర్శియు మైకును ఉండవు. అరగంటకొకటి వంతున తిరుగుచుండును గనుక కూతకు వెరచి శ్మశానమును సగములో విడువ నక్కరలేదు. ఉదయపు మొదటి పడవకు పోయినచో పెద్ద లాంచీలు రాకమునుపే ఆ వీధిలో ఒంటరిగా నడచి రావచ్చును.