లంచ్ లిస్టులో ఉన్నవాళ్ళంతా పేదవాళ్ళేనా?

అమెరికాలో ఇల్లు కొనబోయే మనవాళ్ళు ముందు ఆ చుట్టుపక్కల బడి సంగతి ఆరా తీస్తారు. ఉచితంగానో, తగ్గింపు ధరకో లంచ్ తినే పిల్లల శాతం ఎక్కువగా కనిపిస్తే ‘అది పేదల బడి’ అని తేల్చేస్తారు. తెల్ల కార్డున్న ప్రతి ఇల్లూ పేదిల్లేనా అంటే నవ్వేసే మనమే, అక్కడి అంకెను మాత్రం అనుమానించం.

అపోహ: వాళ్ళంతా దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళే.

వాస్తవం: ఆదాయం రేఖకు 130 శాతం దాకా ఉంటే భోజనం ఉచితం. 185 శాతం దాకా ఉంటే తగ్గింపు ధర. అది 40 సెంట్లు దాటకూడదు. 2025–26లో నలుగురున్న ఇంటికి రేఖ ఏడాదికి 32,150 డాలర్లు, తగ్గింపు మాత్రం 59,478 దాకా. పైగా అలాస్కా, హవాయి తప్ప దేశమంతటికీ ఒకే గీత. ఆ డబ్బుతో మిసిసిపీ పల్లెలో నెట్టుకురావచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టాక ఏం మిగులుతుంది?

అపోహ: నూటికి నూరు శాతమంటే బడి నిండా పేదపిల్లలే.

వాస్తవం: అసలు తిరకాసు ఇక్కడే. 2010 నాటి చట్టం పుణ్యమా అని 2014 నుంచి దేశమంతటా ఒక వెసులుబాటు వచ్చింది. ఆహార సాయం లాంటి పథకాల జాబితాల్లో 40 శాతం పిల్లలుంటే చాలు, దరఖాస్తుల ఊసు లేకుండా బడి మొత్తానికీ ఉచిత భోజనం పెట్టొచ్చు. 2023లో ఆ హద్దును 25కి దించారు. కాలిఫోర్నియా, మెయిన్ రాష్ట్రాలైతే 2022 నుంచి అందరికీ పెడుతున్నాయి. ఏ ఇంటి రాబడీ తగ్గకుండానే కొన్ని బళ్ళ అంకె రాత్రికి రాత్రి పెరిగింది. మన సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం తిన్నంత మాత్రాన ఏ పిల్లాడి ఇంటి ఆదాయమూ తెలియదు కదా, అదే తంతు.

అపోహ: లిస్టులో లేకపోతే లోటు లేనట్టే.

వాస్తవం: హైస్కూలుకొచ్చేసరికి తోటివాళ్ళ ముందు నామోషీ. దరఖాస్తు ఫారం ఇంటికి చేరదు, చేరినా తిరిగిరాదు. అలా అర్హులైన పిల్లలు కొందరు లిస్టుకెక్కరు.

అపోహ: లిస్టులోని పిల్లలందరిదీ ఒకటే పరిస్థితి.

వాస్తవం: మిషిగన్‌లో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఓ పరిశోధన జరిగిన నాటికి దాదాపు సగం మంది అర్హులు. కిండర్‌గార్టెన్ నుంచి ఏటా అర్హులుగానే ఉన్నవాళ్ళు 14 శాతమే అని పరిశోధకులు తేల్చారు. చదువులో అందరికన్నా వెనకబడింది ఈ పిల్లలే. నాన్న ఉద్యోగం పోయి ఒక్క ఏడాది లిస్టులోకొచ్చిన పిల్లాణ్ణీ వీళ్ళనీ ఆ శాతం ఒకే గాటన కడుతుంది.

అందుకే కొన్ని రాష్ట్రాలు లంచ్ లెక్క పక్కనపెట్టి, సాయం పొందే కుటుంబాల జాబితాలతో పిల్లల పేర్లు సరిపోల్చుకుంటున్నాయి. అందులోనూ చిల్లు ఉంది: బడి భోజనానికి వీసా కాగితాలు అడగరు, ఆహార సాయానికి అడుగుతారు. కాగితాల్లేని వలస పిల్లలు ఎంత బీదవాళ్ళైనా ఆ జాబితాకెక్కకపోవచ్చు.