అండమాను కార్మికులు - జాతీయ సమాఖ్య

సంస్కృతమున 'సమాఖ్య' యనగా పేరు, కీర్తి. తెలుగున ఆ యర్థము మరుగుపడి, సంఘముల కూటమి యను నర్థము స్థిరపడినది. వేర్వేరు చోట్ల, వేర్వేరు వృత్తులలో ఏర్పడిన కార్మిక సంఘములు తమ ప్రత్యేకతను విడువక ఒక కేంద్రమునకు అనుబంధములై, ఒక్క పేరున మాటలాడుటయే జాతీయ సమాఖ్యకు లక్షణము.

భారతదేశమున ఇట్టి కేంద్రము యొక్క ఆవశ్యకత 1919లో స్పష్టమైనది. ఆ యేడు అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశమునకు కార్మిక ప్రతినిధిని ప్రభుత్వమే నియమించినది. తమ ప్రతినిధిని తామే ఎన్నుకొనవలెనను పట్టుదల, 1920 అక్టోబరు 31న బొంబాయిలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఆవిర్భవించుటకు ఒక ముఖ్య కారణము. లాలా లజపతిరాయ్ ప్రథమాధ్యక్షుడు. తెలుగువాడైన వి. వి. గిరి దీనికి రెండు పర్యాయములు అధ్యక్షత వహించెను. 1947లో ఐ.ఎన్.టి.యు.సి., 1948లో హింద్ మజ్దూర్ సభ, 1955లో భారతీయ మజ్దూర్ సంఘ్, 1970లో సి.ఐ.టి.యు. ఏర్పడినవి.

ప్రధాన భూభాగమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్న అండమాను నికోబారు దీవులలో సమాఖ్య పాత్రకు విశేషమైన ప్రాధాన్యము కలదు. 2011 జనగణన ప్రకారము ఇచటి జనాభా 3,80,581. అందు సుమారు 13 శాతము మాతృభాష తెలుగు; బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత దానిది నాలుగవ స్థానము. ఈ దీవులకు శాసనసభ లేదు. ఉన్నత న్యాయస్థానము కలకత్తాది. కనుక ఇచటి సంఘము కోరునది తుదకు ఢిల్లీలోనో, కలకత్తాలోనో తేలవలసినదే. కార్మికుని మాతృభాష తెలుగు కావచ్చును. దీవులలో ఉమ్మడి వ్యవహారభాష హిందీ. న్యాయస్థానపు భాష ఆంగ్లము. ఈ మెట్లన్నిటిని దాటించుట సమాఖ్య బాధ్యత.

దినవేతన మజ్దూర్ల వివాదము ఇందుకు నిదర్శనము. వారి వేతనముల విషయమున అండమాన్ సార్వజనిక్ నిర్మాణ్ విభాగ్ మజ్దూర్ సంఘ్ న్యాయస్థానము నాశ్రయించినది. ఉత్తర్వు అమలు కాలేదని 2023 ఆగస్టు 3న ఉన్నత న్యాయస్థానపు పోర్టుబ్లెయిర్ ధర్మాసనము ప్రధాన కార్యదర్శిని సస్పెండు చేసి, ఉపరాజ్యపాలునికి ఐదు లక్షల రూపాయల జరిమానా విధించినది. మరునాడే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. స్థానిక సంఘము తన బలముతో ఎంత దూరము పోగలదో, ఆపై ఢిల్లీలో ఆదుకొను కేంద్రము ఏల కావలెనో ఈ ఒక్క దినపు వ్యవధియే తెలుపుచున్నది.

1926 నాటి కార్మిక సంఘముల చట్టమునకు మారుగా పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఒక సంస్థలో పలు సంఘములున్నచో, మస్టరు పట్టికలోని కార్మికులలో 51 శాతము మద్దతు గల సంఘమే ఏకైక సంప్రదింపు సంఘమగును. అట్టిది లేనిచో, 20 శాతమునకు తగ్గని మద్దతు గల సంఘములతో సంప్రదింపు మండలి ఏర్పడును. కార్మికులు కొలదిమందియే యున్న చోట సమాఖ్యలు పోటీపడి వారిని చీల్చినచో ఆ బలము ఎవరికిని దక్కదు. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు: లెక్కకు ఆధారము మస్టరు. కంట్రాక్టరు పట్టికలో మాత్రమే పేరున్న కూలి సంస్థ లెక్కలోనికి రాడు. అతని పేరు ఏ పట్టికలో నున్నదో విచారించుటతోనే సమాఖ్య పని ఆరంభము కావలసి యున్నది.