యుద్ధం పోయినా పోని కంట్రోలు
బెల్లం, బొగ్గు, పెట్రోలు – ఒకే చట్టం కథ

అనకాపల్లి: బెల్లం ధారణ లెక్కగట్టేటప్పుడు మన వర్తకులు చూసేవి చెరకు దిగుబడి, యార్డుకు వచ్చే దిమ్మల రాకడ, రంగు, ఒడిశా, బెంగాలు గిరాకీ. వీటితోపాటు చూడవలసినది మరొకటి ఉంది. అది ప్రభుత్వోత్తర్వు. వర్షం ఎప్పుడు పడుతుందో కొంతవరకు అంచనా వేయవచ్చు. ఉత్తర్వు ఎప్పుడు పడుతుందో చెప్పడం కష్టం. అది పడిన రోజున సరకు కదలదు, పెట్టుబడి కదలదు, ఒక్కోసారి వర్తకుడే కదలలేని స్థితి వస్తుంది.

బెల్లం వండే పెనం కింద మండేది చెరకు పిప్పే కాబట్టి ఇంధనం గొడవ మనకు లేదని కొందరి అభిప్రాయం. ఇది సగమే నిజం. గానుగ తిరగడానికి కరెంటో డీజిలో కావాలి. యార్డునుంచి సరకు దాటాలంటే లారీకి డీజిలు కావాలి. చట్టం దృష్టిలో కూడా ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. 1955 నాటి నిత్యావసర సరకుల చట్టం జాబితాలో ఆహార పదార్థాలు, పెట్రోలియం ఉత్పత్తులు పక్కపక్కనే ఉన్నాయి. బొగ్గు కూడా చాలాకాలం ఆ జాబితాలోనే ఉండి, 2006 సవరణతో బయటపడింది.

యుద్ధంలో పుట్టిన అధికారం

ఈ చట్టం వంశవృక్షం చూస్తే దాని మూలం యుద్ధంలో కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం మొదలుకాగానే 1939లో బ్రిటిషు ప్రభుత్వం డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం తెచ్చింది. సరకుల ఉత్పత్తి, ధర, రవాణా, నిల్వ అన్నీ దానికింద చేసిన నిబంధనలతో సర్కారు చేతిలోకి వెళ్ళాయి. ఆ యుద్ధం మనకు దూరపు వార్త కూడా కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీద బాంబులు వేశాయి. పెట్రోలుకు రేషను వచ్చి, బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచిన రోజులవి.

యుద్ధం 1945లో ముగిసింది. డిఫెన్స్ చట్టం 1946 సెప్టెంబరుతో తీరిపోయింది. అధికారం మాత్రం తీరిపోలేదు. దాని స్థానంలో 1946లోనే నిత్యావసర సరఫరాల చట్టం వచ్చింది. దాని పేరులోనే 'తాత్కాలిక అధికారాలు' అని ఉంది. రాజ్యాంగం వచ్చాక కూడా 369వ అధికరణం ద్వారా ఆహార పదార్థాలు, బొగ్గు, ఉక్కు వంటివాటిపై పార్లమెంటుకు 5 సంవత్సరాలకే ఈ అధికారం ఇచ్చారు. 1950లో చక్కెర, బెల్లం కంట్రోలు ఉత్తర్వు వెలువడినది ఈ తాత్కాలిక చట్టం కిందనే. 1955 జనవరిలో గడువు ముగియగానే రాజ్యాంగాన్ని సవరించి, ఆ ఏడే శాశ్వత చట్టం చేశారు. తాత్కాలికం అన్న మాట అంతటితో పోయింది.

బంగారం వర్తకులకు ఇదే అనుభవం. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో దేశ రక్షణ నిబంధనల కింద వచ్చిన గోల్డు కంట్రోలు, 1968లో ప్రత్యేక చట్టంగా మారి, 1990దాకా నడిచింది. యుద్ధం నడిచింది నెల రోజులు. కంట్రోలు నడిచింది 27 సంవత్సరాలు.

అమెరికాలో పంచదార బస్తా

ఇది మన దేశానికే పరిమితమైన జాడ్యం కాదు. వ్యక్తి స్వేచ్ఛకు పుట్టినిల్లని చెప్పుకునే అమెరికాలోనూ ఇదే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 ఆగస్టులో, అక్కడ లీవర్ చట్టం వచ్చింది. ఆహారం, ఇంధనం రెండూ ఒకే చట్టం కింద ప్రభుత్వం చేతికి వెళ్ళాయి. ఇంధన పాలకుడుగా నియమితుడైన హారీ గార్ఫీల్డు 1918 జనవరిలో ఒక ఉత్తర్వు జారీ చేశాడు. బొగ్గు ఆదా కోసం మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఫ్యాక్టరీలను 5 రోజులపాటు, ఆ తర్వాత కొన్ని సోమవారాలు మూసివేయవలసి వచ్చింది. ఒక్క సంతకంతో సగం దేశంలో పని ఆగింది.

వర్తకులు గుర్తు పెట్టుకోవలసిన కేసు ఆ తర్వాతిది. 1918 నవంబరులో ఫిరంగులు ఆగిపోయాయి. 1919 అక్టోబరులో, అంటే దాదాపు ఏడాది తర్వాత, ఆ యుద్ధకాలపు చట్టానికే పదును పెట్టి, నిత్యావసరాలను 'అన్యాయమైన, అసమంజసమైన' ధరకు అమ్మితే శిక్ష అన్నారు. సెయింట్ లూయిస్ పట్టణంలోని కోహెన్ గ్రోసరీ కంపెనీ 50 పౌన్ల పంచదార 10 డాలర్ల 7 సెంట్లకు, 100 పౌన్ల బస్తా 19 డాలర్ల 50 సెంట్లకు అమ్మిందని కేసు పెట్టారు. ఏ ధర న్యాయమో, ఏది అన్యాయమో చట్టంలో ఎక్కడా లేదు. 1921 ఫిబ్రవరి 28న అమెరికా సుప్రీం కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. హద్దు ఎక్కడుందో చెప్పకుండా హద్దు దాటావని శిక్షించడం చెల్లదనీ, యుద్ధం ఉన్నంతమాత్రాన రాజ్యాంగ రక్షణలు రద్దు కావనీ ఆ తీర్పు సారాంశం.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో గరిష్ఠ ధరకు మించి గొడ్డుమాంసం అమ్మిన వర్తకుల కేసు 1944లో అదే కోర్టుకు వెళ్ళింది. ఈసారి ప్రభుత్వం ధరను అంకెలతో సహా ముందే ప్రకటించింది. యుద్ధం ఇంకా నడుస్తోంది. కోర్టు శిక్షను ఖాయం చేసింది. ఆ యుద్ధంలో 1942లో పెట్టిన పంచదార రేషను, యుద్ధం ముగిసిన తర్వాత కూడా సాగి, 1947 జూనులో గాని ఎత్తివేయలేదు.

కాన్పూరు బొగ్గు కేసు

ఇదే పాఠం మన సుప్రీం కోర్టు 1954 జనవరిలో బొగ్గు వ్యాపారం విషయంలో చెప్పింది. కాన్పూరు బొగ్గు వర్తకులు ద్వారకా ప్రసాద్ లక్ష్మీనారాయణ్ లైసెన్సును అధికారులు రద్దు చేశారు. ఉత్తరప్రదేశ్ బొగ్గు కంట్రోలు ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఇవ్వడం, ఇవ్వకపోవడం, రద్దు చేయడం పూర్తిగా అధికారి ఇష్టం. కారణం రాసి పెట్టుకుంటే చాలు. ఆ కారణాన్ని తిరిగి పరిశీలించే పై అధికారి లేడు. ఈ నిబంధన చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. ధర నిర్ణయించే నిబంధనను మాత్రం తప్పుపట్టలేదు. అంటే కంట్రోలు ఉండవచ్చు, అది ఒక వ్యక్తి చిత్తానికి వదిలిపెట్టినది కాకూడదు.

కంట్రోలే వద్దని వాదించిన వర్తకుడికి ఏ దేశపు కోర్టులోనూ పెద్దగా ఊరట దొరకలేదు. నియమం స్పష్టంగా ఉండాలి, కారణం చెప్పాలి, అప్పీలు ఉండాలి అని అడిగినవాడే గెలిచాడు.

ఎమర్జెన్సీ రోజులు

1971 డిసెంబరు యుద్ధం మన వాకిట్లోనే జరిగింది. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలోనే మునిగింది. ఆ నెల 3న ప్రకటించిన అత్యవసర పరిస్థితి యుద్ధంతో ముగియక 1977 మార్చిదాకా కొనసాగింది. మధ్యలో 1973 అక్టోబరులో అరబ్బు, ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. సుమారు 3 డాలర్లున్న పీపా చమురు 1974 జనవరికి 11 డాలర్లు దాటింది. విశాఖలోని కాల్టెక్స్ రిఫైనరీని ప్రభుత్వం 1976 చివర స్వాధీనం చేసుకోగా, 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది.

వర్తకుడి స్వేచ్ఛకు గండి పడింది కూడా ఆ రోజుల్లోనే. 1971 మీసా చట్టం కింద, నిత్యావసర సరఫరాల రక్షణ పేరుతో విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. 1975 సవరణ తర్వాత కారణం చెప్పనక్కరలేకపోయింది. అటువంటి నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీం కోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. జస్టిస్ ఖన్నా ఒక్కరే విభేదించారు. 1978 నాటి 44వ సవరణతో ప్రాణ, స్వేచ్ఛా రక్షణను అత్యవసర పరిస్థితిలో కూడా నిలిపివేయరాదన్నారు. 2017లో కోర్టే ఆ పాత తీర్పును తోసిపుచ్చింది. దిద్దుబాటుకు 41 సంవత్సరాలు పట్టింది.

ఇప్పుడు నిలిచి ఉన్నవి

మీసా పోయింది. నిత్యావసర సరకుల చట్టం ఉంది. 1974లో చేర్చిన 10సి సెక్షను ప్రకారం వర్తకుడికి దురుద్దేశం ఉన్నట్టే కోర్టు భావిస్తుంది. లేదని రుజువు చేసుకునే భారం అతడిదే. 6ఎ ప్రకారం కోర్టు కేసు పెట్టినా పెట్టకపోయినా కలెక్టరు సరకును జప్తు చేయవచ్చు. దీనికి తోడు 1980 నాటి బ్లాక్ మార్కెటింగు నిరోధక చట్టం కింద 6 నెలలవరకు విచారణ లేని నిర్బంధానికి వీలుంది.

ఈ అధికారానికి హద్దు గీసే ప్రయత్నం 2020లో జరిగింది. యుద్ధం, కరువు, అసాధారణ ధరల పెరుగుదల, తీవ్ర ప్రకృతి వైపరీత్యం ఉంటేనే ఆహార పదార్థాలపై కంట్రోలు పెట్టాలని సవరణ తెచ్చారు. వ్యవసాయ చట్టాలపై ఆందోళన దరిమిలా 2021లో వాటితోపాటు అదీ రద్దయింది. పాత అధికారం యథాతథంగా నిలిచింది.

దాని వేగం ఎంతో 2023 డిసెంబరు 7న తెలిసింది. పెట్రోలులో కలిపే ఇథనాలు తయారీకి చెరకు రసం వాడరాదని కేంద్రం మిల్లులను ఆదేశించింది. ఉత్తర్వు తక్షణమే అమలు. అంతకుముందు ప్రభుత్వం ప్రోత్సాహంతోనే మిల్లులు డిస్టిలరీలమీద పెట్టుబడి పెట్టి ఉన్నాయి. ఎనిమిది రోజులకే, 15వ తేదీన, 17 లక్షల టన్నుల చక్కెర మేరకు సడలించారు. తర్వాత 2024 ఆగస్టులో, వచ్చే ఇథనాలు సంవత్సరానికి ఆంక్ష ఎత్తివేశారు. చెరకు రసం ఇంధనానికి పోతే చక్కెర బిగుస్తుంది, ఆపితే చక్కెర పెరుగుతుంది. చక్కెర ధారణ నీడ బెల్లం మీద పడక తప్పదు.

వర్తకులు చేయవలసినది

నిల్వ పుస్తకం, కొనుగోలు, అమ్మకం బిల్లులు ఏ రోజుకారోజు రాసి ఉంచడం మొదటి రక్షణ. దురుద్దేశం లేదని రుజువు చేయవలసిన భారం మనదైనప్పుడు పుస్తకమే సాక్షి. ఉత్తర్వు వచ్చిందన్న గాలివార్త మీద సరకు తెగనమ్ముకోకుండా, గెజెటు ప్రతి తెప్పించుకుని తేదీ, పరిమితి చదవాలి. జప్తుకు ముందు కారణాలతో లిఖితపూర్వకమైన నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 6బి సెక్షను చెబుతోంది. జప్తు తర్వాత నెలలోపు అప్పీలుకు 6సి దారి ఇస్తోంది. ఈ గడువు దాటనివ్వరాదు. 1980 చట్టం కింద నిర్బంధిస్తే కారణాలు సాధారణంగా 5 రోజుల్లో తెలపాలి.

సరిహద్దులో కాల్పులు ఆగిన వార్త విని చమురు ధర మర్నాడే దిగవచ్చు. కంట్రోలు అలా దిగదు. స్టాకు కట్టేవారు పెట్టుబడి, వడ్డీ, గోదాము అద్దెతోపాటు ఈ నష్టభయాన్ని కూడా ధరలో వేసుకోవడం మంచిది.