వంటయింటి తూము గుడగుడలాడుట

రఘునాథపల్లి ప్రాంతమున పూర్వము గిన్నెలు జాలారు బండపై తోమెడివారు. ఆ నీరు తూముగుండ పెరటిలోని కూరపాదులకు పోయెడిది. బియ్యపు కడుగును గంజియు కుడితితొట్టిలో చేరెడివి. 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు చెంత కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైన పిమ్మట అనేక గృహములకు నల్లానీరు వచ్చినది. వంటయింట సింకులు వెలసినవి, కొట్టమున పశువులు తగ్గినవి. గంజి, నూనెజిడ్డు, గిన్నెలు తోమిన బూడిద యన్నియు నిప్పుడు రెండంగుళముల గొట్టమున పడుచున్నవి. నీరు మెల్లగా దిగుచున్నదనియు, తూము గుడగుడలాడుచున్నదనియు సభ్యులు పలువురు చెప్పుచుందురు. ఈ రెండు చిహ్నములకు కారణ మొక్కటే కాదు.

ముందుగా ధ్వని సంగతి. సింకు క్రింది వంపుగొట్టములో ఎల్లప్పుడు కొంత నీరు నిలిచియుండును. మురికిగొట్టపు దుర్గంధమును ఇంటిలోనికి రానీయక అడ్డగించునది ఆ నీరే. ఇట్టి వంపు గల మరుగుదొడ్డికి 1775లో లండనునందలి అలెగ్జాండరు కమ్మింగు అను గడియారముల పనివాడు పేటెంటు పొందెను. నీరు గొట్టమునిండ పోవునపుడు దాని వెనుక గాలి చొరవలయును. గాలికి వేఱు త్రోవ లేనిచో వంపులోని నీటిని చీల్చుకొని వచ్చును. హుక్కా త్రాగునపుడు కలుగు ధ్వనియు నిట్టిదే.

పరీక్షకు చెంబును బకెట్టును చాలును. చెంబెడు నీరే నిలిచిపోయినచో అడ్డు దగ్గఱనే, జల్లెడయందో వంపునందో యున్నది. క్రింద బకెట్టు పెట్టి, వంపు మరలను చేతితో విప్పి, మడ్డి తీసి కడుగవలయును. చెంబెడు సాఫీగా పోయి, బకెట్టెడు పోసినపుడు పైకి పొంగినచో అడ్డు దూరమున నున్నది. జిడ్డు పేరుకొని గొట్టము సన్నబడినదని యెఱుంగునది. స్నానపుగదిలో నీరు విడువగా, వాడని సింకు గుడగుడలాడినచో దోషము సింకుది కాదు. రెంటికి ఉమ్మడియైన గొట్టమునందో, ఛాంబరునందో, ఇంకుడుగుంతయందో వెదకవలయును. నీరు వేగముగనే పోయి, కడపట గుడగుడమని, తరువాత దుర్వాసన వచ్చినచో లోపము గాలిదే. గాలిగొట్టము లేకుండవచ్చును, లేదా మూసికొనిపోయి యుండవచ్చును. దోమలకు వెఱచి దాని మూతికి గుడ్డ బిగించి కట్టువారు కలరు. కట్టవలసినది సన్నని జాలి.

మా యింట తాపీపనివాడు ఏ పరీక్షయు చేయక గచ్చు పగులగొట్టించెను. గొట్టము లోపల అద్దమువలె నున్నది! పెరటిలోనికి పోయి చూడగా దాని కొస ఇంకుడుగుంత నీటిలో మునిగియున్నది. గుంత నిండియుండగా నీరు పోవు టెట్లు, గాలి వెడలు టెట్లు? రాళ్లు తీయించి, కడిగించి, మరల పేర్పించి, గొట్టపు కొసను నీటిమట్టమునకు జానెడెత్తున నుంచితిమి. ఆ దినముననే ధ్వని మానినది. గచ్చుపై అతుకు మాత్రము నేటికిని కనబడుచున్నది.

చెల్కనేలలో నీరు త్వరగా నింకును, రేగడిలో మెల్లగా నింకును. కావున రేగడియందు గుంతను పెద్దదిగా త్రవ్వి, దానికి ముందు మడ్డి నిలుచుటకు చిన్న తొట్టి కట్టించుట మేలు. క్రొత్తగా గొట్టము వేయువారు అడుగునకు పావంగుళము వాలు ఇయ్యవలయును.

యాసిడు విషయమున మిక్కిలి జాగరూకత వలయును. యాసిడు పోసిన తూములో బ్లీచింగు పొడి చల్లినచో క్లోరిను వాయువు పుట్టును. తలుపులు మూసిన వంటయింట అది ప్రాణాపాయకరము. జిడ్డుకు సబ్బు కలిపిన వేడినీరు చాలును. మరగుచున్న నీరు ప్లాస్టికు గొట్టమును మెత్తపఱచును గనుక చేయి ఓర్వగల వేడియే యుండవలయును. బూడిద నీటిని సింకులో గాక పాదులలో పోయవచ్చును. ఇంట పశువు లేనివారు గంజిని, కడుగును పొరుగింటి బఱ్ఱెకు పంపవచ్చును.