ఏబదియేండ్లు దాటిన పురుషులకు గలుగు మూత్రబాధ

మన సభ్యులలో పెద్దవారు సిగ్గుచే దాచుకొను బాధ యొకటి కలదు. మూత్రము సన్నధారగా వచ్చుట, మొదలగుటకు జాగు కలుగుట, నడుమ ఆగుట, పోసినను ఇంకను మిగిలినట్లు తోచుట, రాత్రి మూడు నాలుగుసారులు లేవవలసివచ్చుట దీని లక్షణములు. వయసు మీరినది, ఇంతే యని ఊరకుండుట మనలో వాడుక. అది పొరపాటు.

మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని ప్రోస్టేటు అను గ్రంథి యుండును. యౌవనమున ఇంచుమించు 20 గ్రాములుండు నిది వయసుతో పెరిగి నాళమును నొక్కును. సాగరు కుడికాలువ తూము పూడినచో నీరు ఎగదన్ని గట్టును తినునట్లే, మూత్రము నిలిచినకొలది మూత్రాశయము సాగి బలముడుగును, చీము చేరును, రాళ్లు పడును, తుదకు మూత్రపిండములును చెడవచ్చును. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు. కాని రెంటి లక్షణములును కొంత పోలియుండును గనుక పరీక్ష తప్పదు.

మాటిమాటికి లేవవలెనని మిరపకోతల యెండలో నీరు మానుట మరింత చేటు. పగలు చాలినంత త్రాగి, నిద్రకు రెండుగంటల ముందు తగ్గింపవలెను. టిక్కీలతో యార్డుకు పోవు రాత్రి గంటలకొలది బిగబట్టుకొనరాదు. జలుబునకు అంగడిలో కొను బిళ్లలు కొన్ని మూత్రమును పూర్తిగా బంధించును. అట్లు బంధించినప్పుడు మనవారు బార్లీనీళ్లు, కొబ్బరినీళ్లు పోయుదురు. నిండిన చెరువునకు మరి నీరు తెచ్చుటయే యది! ఆ గంటలోనే ఆసుపత్రికి కొనిపోయి గొట్టము వేయింపవలెను.

టామ్సులోసిన్ అను మందు నాళమును సడలించి కొలదిదినములలో సుఖమిచ్చును. అది వాడువారు కల్లములో పండుకొన్నచో దిగ్గున లేవరాదు, తల తిరుగును. ఫినాస్టరైడ్ గ్రంథిని తగ్గించును గాని ఆరునెలలు పట్టును. ఇవి చాలనిచో పొట్ట కోయకయే నాళముగుండ గ్రంథిని గీకి తీయుదురు. మగతనము పోవునను భయము పలువురకు కలదు. సాధారణముగ పోదు, రేతస్సు మాత్రము వెలుపలికి రాక మూత్రాశయములోనికి పోవచ్చును. పిదప కొన్ని వారములు బస్తాలెత్తరాదు.

గుంటూరు వైద్యకళాశాల 1946లో నెలకొన్నది; దానికి చేరిన ప్రభుత్వ ఆసుపత్రిలో మూత్రవ్యాధుల విభాగము కలదు. వడ్డీకి అప్పుతెచ్చుటకు ముందు అచట విచారింపుడు. మూడుదినములు ఎన్నిసారులు లేచితిరో వ్రాసికొని, వాడుచున్న బిళ్లలన్నియు వెంట గొనిపొండు. మధుమేహమున్నచో మొదటనే చెప్పుడు.