జీవనశైలి మార్పు

జీవనశైలి మార్పు అనగా తిండి, నడక, నిద్ర, పొగాకు, మద్యం వంటి విషయాలలో రోజువారీ అలవాట్లను ఆరోగ్యానికి అనుకూలంగా మార్చుకోవడం. టైపు 2 మధుమేహం, అధిక రక్తపోటు, గుండె జబ్బుల నివారణలో దీనికి ముఖ్య స్థానం ఉన్నది. పనీ పరిసరాలూ మారిన తరువాత కూడా పాత అలవాటు కొనసాగితే అది జబ్బుకు దారి తీయవచ్చును. తెలంగాణలోని సూర్యాపేట జిల్లా, గరిడేపల్లి ప్రాంతం ఇందుకు ఒక ఉదాహరణ.

గరిడేపల్లి ప్రాంతంలో ఆహారపు మార్పు

గరిడేపల్లి మండలం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతంలో ఉన్నది. సాగర్ కాలువలకు 1967లో నీరు విడుదల చేశారు. అంతకు పూర్వం నల్లగొండ జిల్లా మెట్ట గ్రామాలలో జొన్నరొట్టె, గట్క, అంబలి నిత్యాహారం. చాలా ఇళ్ళలో వరి అన్నం పండుగనాటి భోజనం. కాలువ నీటితో మెట్ట పొలాలు మాగాణులయ్యాయి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి చెందింది. 1983లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. 2025 ఉగాది నాడు తెలంగాణ ప్రభుత్వం రేషను దుకాణాలలో సన్నబియ్యం పంపిణీని పొరుగున ఉన్న హుజూర్‌నగర్ లో ప్రారంభించింది.

ఈ మార్పు ఆకలిని తగ్గించింది. అయితే ట్రాక్టరు, వరికోత యంత్రం, మోటారు సైకిలు వచ్చి ఒంటి శ్రమ కూడా తగ్గింది. రోజంతా నాగలి పట్టినవాడికి సరిపోయిన అన్నం, యంత్రం నడిపేవాడికి ఎక్కువవుతుంది. 100 గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాముల పీచు ఉండగా, తెల్లబియ్యంలో అది 3 గ్రాముల లోపే.

మధుమేహంపై భారత వైద్య పరిశోధన మండలి జరిపిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మధుమేహం పట్టణాలలో 16.4 శాతం, గ్రామాలలో 8.9 శాతం మందికి ఉన్నది. కాని మధుమేహానికి ముందు దశ రెండు చోట్లా 15 శాతానికి పైగా, దాదాపు సమానంగా కనిపించింది. అనగా పల్లెలలో ఈ జబ్బు ఇంకా పెరిగే అవకాశం ఉన్నది.

అలవాటు ఏర్పడే విధానం

ఒకే సందర్భంలో ఒకే పనిని పదే పదే చేస్తే, ఆ సందర్భం రాగానే ఆలోచన లేకుండానే చేయి ఆ పనికి పోతుంది. భోజనం ముగింపులో పెరుగన్నం, బస్టాండులో టీ ఇట్టివే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిపై చేసిన అధ్యయనంలో కొత్త అలవాటు స్థిరపడడానికి సుమారు 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి ఇది 18 నుండి 254 రోజుల వరకు ఉన్నది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. కనుక ఒక రోజు తప్పిందని ప్రయత్నం మానుకోనవసరం లేదు.

ఆచరణ

కొత్త పనిని ఇప్పటికే ఉన్న పనికి జతచేయడం సులభమైన మార్గం.

* భోజనానికి కూర్చోగానే మొదట కూర, పప్పు వడ్డించుకొని, తరువాత అన్నం పెట్టుకోవడం.
* రాత్రి భోజనం కాగానే పది నిమిషాలు నడవడం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.
* ఊరగాయ జాడీని, ఉప్పు డబ్బాను భోజనాల చోట ఉంచకపోవడం. రోజుకు అన్ని రూపాలలో కలిపి ఉప్పు 5 గ్రాములు మించరాదు.
* టీలో చక్కెరను కొద్ది కొద్దిగా తగ్గించడం.

అన్నం మాని అంతే మోతాదులో జొన్నరొట్టె తింటే చాలుననుకోవడం సరికాదు. పై సర్వేలోని ఆహార వివరాలపై 2025లో వెలువడిన విశ్లేషణలో, మొత్తం పిండిపదార్థాలను తగ్గించకుండా ధాన్యాన్ని మాత్రమే మార్చడం వలన మధుమేహపు ముప్పు తగ్గినట్లు కనిపించలేదు. తగ్గించిన అన్నం స్థానంలో పప్పులు, పాలు, పెరుగు వంటి మాంసకృత్తులు గల ఆహారం తీసుకోవడం మేలు.

జాగ్రత్తలు

మధుమేహానికి మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు అన్నాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాంసకృత్తుల విషయంలో పరిమితులు ఉండవచ్చును. వీరు వైద్యుని సలహాతోనే ఆహారం మార్చుకోవాలి. మధుమేహం, రక్తపోటు తొలిదశలో బాధ కలిగించవు కనుక 30 ఏళ్ళు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్ష చేయించుకోవడం మంచిది.