ఆటవిడుపు

బడిలో పాఠాల నడుమ పిల్లలను ఆడుకోవడానికి విడిచిపెట్టే సమయాన్ని తెలుగులో ఆటవిడుపు అంటారు. కొంతసేపు ఆడి తిరిగి పనికి మరలడం ఆ మాటలోని భావం. గోలీలాటకైనా కబడ్డీకైనా ముగింపు ఉంటుంది. పొద్దు గుంకితే పిల్లలు ఇళ్ళకు చేరవలసిందే. అంతర్జాలంలో వేలమంది కలిసి ఆడే ఆటలకు ఈ ముగింపు లేదు. ఆటగాడు నిద్రించినా అక్కడి లోకం మేలుకొనే ఉంటుంది. కాబట్టి అటువంటి ఆటను మాని చదువుకో ఉద్యోగానికో మరలదలచినవాడు తన విడుపును తానే కల్పించుకోవాలి.

అది ఎందుకు కష్టమో తెలియడానికి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆట చక్కని ఉదాహరణ. అమెరికాకు చెందిన బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో దీనిని విడుదల చేసింది. 2010 నాటికి దీని చందాదారులు 1.2 కోట్లకు చేరారు. ఆటగాడు యోధునిగానో మాంత్రికునిగానో అవతారమెత్తి, అప్పగించిన పనులు నెరవేరుస్తూ మెట్టుమెట్టుగా ఎదుగుతాడు. తొలినాళ్ళలో 60వ మెట్టు చివరిది. అసలు ఆట అక్కడికి చేరిన తరువాతనే మొదలయ్యేది. బలమైన శత్రువులపైకి 40 మంది వరకు కలిసి దండెత్తేవారు. కొందరు ముందు నిలిచి దెబ్బలు కాచుకోవాలి, కొందరు గాయాలు మాన్పాలి. గాయాలు మాన్పేవారు చాలినంతమంది రాకపోతే తక్కినవారి సాయంకాలమంతా వృథా. అందువలన అనేక బృందాలు రోజును, వేళను ముందుగా నిర్ణయించుకొని, హాజరును బట్టి పాయింట్లు కేటాయించుకొనేవి.

తరచి చూస్తే ఈ ఏర్పాటు వినోదం కంటె ఉద్యోగానికే దగ్గరగా ఉంది. వేళలు, నాయకుడు, సహచరులు, పదోన్నతి అన్నీ ఇందులో ఉన్నాయి. సోమరులే ఇటువంటి ఆటలకు లోబడతారని పెద్దలు అనుకోవడం కద్దు. కాని మాట ఇస్తే తప్పలేనివాడికి ఈ ఉచ్చు మరింత గట్టిది.

ఆటను మలచిన నేర్పు కూడా గమనింపదగినదే. విడుదలకు ముందు జరిపిన పరీక్షలలో, ఎక్కువసేపు ఆడినవారికి అనుభవ పాయింట్లు సగానికి తగ్గే నియమం ఉండేది. ఆటగాళ్ళు దానిని శిక్షగా తలచి నిరసించారు. రూపకర్తలు లెక్కను తిరగరాశారు. సగాన్నే మామూలు ఫలంగాను, మునుపటి పూర్తి ఫలాన్ని విశ్రాంతి తీసుకొన్నవారికి దక్కే రెట్టింపు బహుమానంగాను మార్చారు. ఫలితం దాదాపు మునుపటిదే, అయినా నిరసన చల్లారింది. మితంగా ఆడించాలన్న సదుద్దేశం ఇందులో ఉన్నది. అయితే ఆటకు వెలుపల గడిపిన విశ్రాంతి సైతం ఆట ఖాతాలోనే జమ అయింది! 2007లో ప్రతిదినం చేయదగిన పనులు కూడా వచ్చి చేరాయి. ఒకనాడు మానితే ఆనాటి బహుమానం పోయినట్లే.

ఇంత శ్రమా వృథా అవుతుందేమో అనే బెంగ మరొక సంకెల. 2007 జనవరిలో ఆటకు కొత్త భాగం వెలువడి చివరి మెట్టు 70కి పెరిగింది. నెలల తరబడి దండెత్తి సంపాదించిన అనేక కవచాలకు దీటైనవి, అంతకు మించినవి కొత్త ప్రదేశాలలో చిన్నచిన్న పనులకే లభించసాగాయి. ఆటలోని సంపదకు విలువ కట్టేదీ తగ్గించేదీ నిర్మాతలే. ఈ సంగతి గ్రహించినవాడికి విడవడం కొంత తేలిక కావచ్చు.

ఆటను మానలేకపోవడం నేటి సమస్య మాత్రమే కాదు. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తంలో ఒక జూదరి ఇక ఆడనని నిశ్చయించుకొంటాడు, పాచికల చప్పుడు వినగానే మళ్ళీ బయలుదేరుతాడు. ఆ సూక్తం అతనిని ఆట మానమనడంతో సరిపుచ్చక పొలం దున్నుకొమ్మని కూడా చెబుతుంది. ఖాళీ అయిన వేళకు మరొక పని కావాలన్న ఎరుక అందులో ఉన్నది. రాత్రి ఏడు నుండి పదకొండు వరకు ఆటలో గడిపిన విద్యార్థికి, మానిన మొదటివారంలో ఆ నాలుగు గంటలే పెద్ద పరీక్ష. ఆటలో మెట్టు ఎక్కగానే బంగారు కాంతి మెరుస్తుంది. గణితంలో ఒక అధ్యాయం ముగిస్తే ఏ కాంతీ మెరవదు, ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. అందుచేత మొదట్లో చదువు చప్పగా తోచడం సహజం. ఆ వేళకే మిత్రునితో కలిసి చదవడమో, మైదానానికి వెళ్ళడమో పెట్టుకొంటే గంటలతోపాటు తోడు కూడా సమకూరుతుంది.

ఎక్కువగా ఆడే ప్రతివారినీ రోగి అనడం సరికాదు. 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఆటల రుగ్మతకు చోటు దక్కింది. ఆటపై అదుపు తప్పడం, తక్కిన పనులన్నిటికంటె ఆటే ముఖ్యం కావడం, హాని కలుగుతున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా 12 నెలలైనా కొనసాగి, చదువునో కుటుంబ జీవితాన్నో తీవ్రంగా దెబ్బతీసినప్పుడే వైద్యులు ఆ పేరు పెడతారు. అంత దూరం రానివారికి చందా ఆపి, ఆటను కంప్యూటరు నుండి తొలగించి, బృందానికి ముందుగా ఒక మాట చెప్పడం మంచి ఆరంభం. చెప్పకుండా మాయమైతే సహచరుల పిలుపులు వెంటాడతాయి. చెబితే వారు గాయాలు మాన్పేందుకు మరొకరిని వెదుక్కొంటారు.